విదేశంలో యజమాని, ఊళ్ళో లోగిలి: కోస్తాంధ్ర మండువా ఇళ్ళ సంరక్షణ చరిత్ర

వ్యాససంగ్రహం:

కోస్తాంధ్ర గ్రామాల్లో నిలిచి ఉన్న మండువా లోగిళ్ళలో అనేకం ఇవాళ విదేశాల్లో స్థిరపడిన కుటుంబాల ఆస్తులు. వాటి బాగుసేతను డబ్బుకూ అభిమానానికీ సంబంధించిన విషయంగా చూడటం పరిపాటి. ఆ ఇళ్ళను నిలబెట్టింది ఏటేటా తిరిగివచ్చే ఒక పనుల క్రమమనీ, ఆ క్రమం వెనుక పొలం, వృత్తులు, స్త్రీల శ్రమ ఉన్నాయనీ, యజమాని విదేశానికి తరలిపోయినప్పుడు తెగిపోయింది ఆ క్రమమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇంటి నిర్మాణ చరిత్ర, రంగూను వలస, 1965 తర్వాతి అమెరికా వలస, వారసత్వ చట్టాల్లో మార్పులు, ఒక ఇంటి మరమ్మతులో వ్యాసకర్త ప్రత్యక్షానుభవం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: మండువా, లోగిలి, పెంకుటిల్లు, సున్నం, రంగూను, ప్రవాసం, గ్రామకంఠం, వారసత్వం, కాపలా.

1. ఉపోద్ఘాతం:

పాత ఇళ్ళ గురించి తెలుగులో వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం జ్ఞాపకాలు. అరుగు మీద కూర్చున్న తాతగారు, మండువాలో కురిసిన వాన, గాదె పక్కన దాక్కున్న పిల్లలు వాటిలో తరచుగా కనిపిస్తారు. ఆ జ్ఞాపకాల విలువను కాదనలేం. అయితే ఇల్లు ఎలా నిలబడిందన్న ప్రశ్న వాటిలో అరుదుగా వస్తుంది. కట్టడానికి ఒకసారి డబ్బు చాలు. నిలబెట్టడానికి ఏటా పని కావాలి. కట్టించినవారి పేరు ఇంటికి ఉంటుంది గాని నిలబెట్టినవారి పేర్లు ఎక్కడా ఉండవు. ఈ వ్యాసం ఆ రెండో పక్షం నుంచి ఇంటి చరిత్రను చూసే ప్రయత్నం.

ఇందుకు ఒక వ్యక్తిగత కారణం కూడా ఉంది. ఈ వ్యాసకర్త అమ్మమ్మగారి ఊరు కోనసీమలో ఒక గ్రామం. ఆమె మరణానంతరం ఆ మండువా ఇంటికి తాళం పడింది. వారసుల్లో పెద్దవారైన మేనమామగారు అమెరికాలో ఉంటారు. కొన్నేళ్ళుగా ఆ ఇంటి బాగుసేత వ్యవహారం వ్యాసకర్త చేతుల మీదుగా జరుగుతోంది. ఆ పనిలో జరిగిన పొరపాట్లే ఈ పరిశీలనకు ప్రేరణ.

2. మండువా లోగిలి - నిర్మాణ నేపథ్యం:

నడుమ ఆకాశానికి తెరిచి ఉన్న ముంగిలి, దాని చుట్టూ నాలుగు వైపులా వసారాలు, వాటి వెనుక గదులు. స్థూలంగా మండువా ఇంటి స్వరూపం ఇది. సంస్కృత వాస్తుగ్రంథాలు చెప్పే చతుశ్శాలకు ఇది దగ్గరి రూపం. వరాహమిహిరుని బృహత్సంహిత సర్వతోభద్రం, నంద్యావర్తం, వర్ధమానం, స్వస్తికం, రుచకం అనే చతుశ్శాల భేదాలను పేర్కొంది. అయితే శాస్త్రం ఒక్కటే ఇంటి రూపాన్ని నిర్ణయించలేదు. రాయలసీమలో వాన తక్కువ గనుక చౌడుమట్టి పరిచిన మిద్దెలు వచ్చాయి. ఉత్తరాంధ్రలో, తెలంగాణలో గూనపెంకుల కప్పులు వ్యాపించాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో లోపలికీ బయటికీ వాలిన పెంకుటి కప్పులు, వాటి మధ్య మండువా స్థిరపడ్డాయి. నాలుగు కప్పుల లోపలి నీరూ మండువాలోకి దిగి, తూము గుండా బయటికి పోతుంది. వేడిగాలి ఆ తెరపి గుండానే పైకి పోతుంది.

ఇవాళ మనం చూస్తున్న పెద్ద లోగిళ్ళకు ఆర్థికమైన పునాది డెల్టా వ్యవసాయం. ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852లో ముగిశాయి. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. ఆర్థర్ కాటన్ కాలువలను సాగునీటి కోసమే గాక పడవల రాకపోకలకూ అనువుగా ఉండేలా తలపెట్టాడు. ఇళ్ళ చరిత్రలో ఈ రెండో ప్రయోజనాన్ని సాధారణంగా పట్టించుకోం. రోడ్లు సరిగా లేని లంకగ్రామానికి కూడా బరువైన దూలాలు, పెంకులు, సున్నం పడవ మీద చేరగలిగాయంటే కాలువలే కారణం. వరి పంట మిగులునిచ్చింది, కాలువ సామగ్రిని మోసుకొచ్చింది.

కప్పు విషయంలో ఒక హెచ్చరిక అవసరం. కోస్తాలో బెంగుళూరు పెంకులని పిలిచే బల్లపరుపు పెంకులు నిజానికి మంగుళూరు నుంచి వ్యాపించినవి. బాసెల్ మిషన్ 1865లో అక్కడ పెంకుల కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆ పెంకుల అడుగున 1865 అనే అంకె అచ్చువేసి ఉంటుంది. అది కర్మాగారం స్థాపించిన సంవత్సరం, పెంకు తయారైన సంవత్సరం కాదు. మా అమ్మమ్మగారి ఇంటి పెంకు మీద ఆ అంకెను చూసి, ఇల్లు 1865లో కట్టినదని మా కుటుంబం చాలాకాలం చెప్పుకుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఈ మిషన్ పరిశ్రమలను స్వాధీనం చేసుకుంది. తర్వాత అవి కామన్‌వెల్త్ ట్రస్టు కిందికి వెళ్ళాయి. కాబట్టి పెంకు మీది సంవత్సరం కంటే సంస్థ పేరే కాలనిర్ణయానికి ఎక్కువ పనికొస్తుంది. పైగా పెంకులు మార్చదగినవి. కప్పు వయస్సు, గోడ వయస్సు, ద్వారబంధం వయస్సు ఒకే ఇంట్లో వేర్వేరుగా ఉండవచ్చు.

3. సముద్రం దాటిన కలప, సముద్రం దాటిన మనుషులు:

మండువా ఇంటి గురించి చెప్పేటప్పుడు రంగూను టేకు ప్రస్తావన రాకుండా ఉండదు. బర్మా టేకు కాకినాడ వంటి రేవుల ద్వారా కోస్తాకు దిగుమతి అయిన మాట నిజం. అయితే ప్రతి స్తంభాన్నీ రంగూను టేకు అనడం అతిశయోక్తి. గోదావరి ఎగువ అడవుల కలప తెప్పలుగా నదిలో కొట్టుకొచ్చి రాజమండ్రికి చేరేది. కుటుంబ గౌరవం మాత్రం సముద్రం దాటివచ్చిన కలపనే కోరుకుంది.

ఈ గౌరవం వెనుక మరొక ప్రయాణం ఉంది. బ్రిటిష్ పాలకులు 1852లో దిగువ బర్మాను ఆక్రమించారు. 1886లో మిగిలిన దేశాన్నీ కలుపుకున్నారు. ఆ తర్వాత బియ్యం మిల్లులకూ రేవులకూ కూలీల అవసరం పెరిగింది. మేస్త్రీల ద్వారా గంజాం నుంచి గోదావరి వరకు గల జిల్లాల పేదలు ఓడలెక్కారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో రంగూనును రంగం అన్నారు. బర్మాలో తెలుగువారిని కోరంగివాళ్ళన్నారు. 1839 తుపానులో దెబ్బతిన్న కోరంగి రేవు పేరు అలా ఒక జాతి పేరుగా నిలిచింది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె, దాని పర్యవసానంగా జరిగిన అల్లర్లు, 1937లో భారతదేశం నుంచి బర్మా విడిపోవడం, 1941 డిసెంబరులో రంగూనుపై జపాను బాంబుదాడి, 1942లో కాలినడకన తిరుగుప్రయాణం ఆ వలస చరిత్రలో ప్రధాన ఘట్టాలు. 1960లలో తిరిగివచ్చినవారి జ్ఞాపకంగా విశాఖపట్నంలో బర్మా క్యాంపు నేటికీ ఉంది.

విదేశాల్లో ఉండి ఊళ్ళో ఇంటిని నిలబెట్టుకునే ప్రయత్నం అమెరికా వలసతో మొదలుకాలేదని చెప్పడానికి ఈ నేపథ్యం అవసరం. రంగం వెళ్ళినవారిలో అధికుల ఇళ్ళు తాటాకు, రెల్లు కప్పులవి. వారు పంపిన డబ్బు అప్పు తీర్చడానికీ, కప్పు మార్చడానికీ, వీలైతే కొంత నేల కొనడానికీ వెళ్ళింది. ఆ ఇళ్ళలో ఒక్కటీ ఇవాళ వారసత్వ కట్టడమని ఎవరూ చూపరు, ఎందుకంటే తాటాకు నిలవదు. రంగూను నుంచి వచ్చిన కలప డెల్టాలోని భూస్వామి ఇంట్లో శాశ్వతంగా నిలిచింది. రంగూను వెళ్ళిన మనిషి ఇల్లు మాయమైంది. మనం కాపాడాలనుకుంటున్న వారసత్వం ఎవరిదన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

4. సంరక్షణ - ఒక వార్షిక క్రమం:

పాత లోగిలి బాగుసేతకు ఒక పంచాంగం ఉండేది. ఎండాకాలంలో, మృగశిర కార్తెకు ముందే, పెంకు నేయించేవారు. కప్పు ఎక్కి పగిలిన పెంకులు తీసి, జారినవాటిని సర్ది, కొబ్బరికాయ పడి విరిగిన రీపర్లను మార్చేవారు. నాలుగు కప్పులు కలిసే మూలల్లోని దోనెలను ఆకులూ మట్టీ లేకుండా శుభ్రం చేసేవారు. మండువా ఇంటికి ఆ మూలలే ఆయువుపట్టు. అక్కడ నీరు నిలిస్తే ముందు వాసం చివర కుళ్ళుతుంది, ఆ తర్వాత దూలం. నూతి పూడిక తీసే పని కూడా వేసవిలోనే. వానలు వెలిశాక గోడల అడుగుభాగాలు చూసి చెదల పుట్టలను తవ్వేవారు. సంక్రాంతికి ముందు గోడలకు వెల్ల వేసేవారు. ధనుర్మాసమంతా వాకిలి అలికి ముగ్గులు పెట్టేవారు.

ఈ పనులకు వాడిన పదాలను బూదరాజు రాధాకృష్ణ సంకలనం చేసిన మాండలిక వృత్తిపదకోశం వాస్తు సంపుటం కొంతవరకు భద్రపరిచింది. పదకోశాలు పదాన్ని కాపాడతాయి, పనిని కాపాడలేవు. 'నేయించడం' అనే క్రియ బట్టకూ కప్పుకూ ఒకటేనన్న సంగతి తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు ఆశ్చర్యపోతున్నారు. వారు చూసిన కప్పులన్నీ పోతపోసినవే.

ఈ క్రమాన్ని నడిపిన ఆర్థిక సూత్రం పొలం. వడ్రంగికి, కమ్మరికి, చాకలికి, తడికలు అల్లే మేదరికి కళ్ళంలోనే మేర కొలిచేవారు. పనికి కూలి ఇవ్వడం కాక, ఏడాది పొడవునా పిలవగానే రావడానికి ప్రతిఫలంగా ధాన్యం ఇచ్చేవారు. కాబట్టి ఒక వాసం కుంగితే అంచనాలు, బేరాలు లేకుండా ఆ వారంలోనే పని జరిగేది. ఈ ఏర్పాటును ఆదర్శంగా చిత్రించడం పొరపాటు. ఇది కులం మీద నిలిచిన ఏర్పాటు. ఇంటికి తలుపు చేసిన చేతులకు, గోడకు సున్నం మెత్తిన చేతులకు ఆ గడప దాటి లోపలికి వెళ్ళే హక్కు చాలాచోట్ల లేదు. వీధి అరుగు, నడవా, వంటిల్లు, దొడ్డివాకిలి అన్న విభజన గాలీ వెలుతురూ చూసి మాత్రమే చేసింది కాదు. ఎవరు ఎంతవరకు రావచ్చునో కూడా ఆ గదుల వరస చెబుతుంది.

రెండో ఆధారం స్త్రీల శ్రమ. రోజూ ఊడ్చే చీపురుకు చెద తొలిజాడ దొరుకుతుంది. అలికే చేతికి నేల ఎక్కడ గుల్లబారిందో తెలుస్తుంది. కట్టెల పొయ్యి పొగ కప్పులోని కర్రకు పురుగు పట్టకుండా కొంత కాపాడుతుంది. మా ఇంటి దొడ్డిలో కాపలా ఉంటున్న పెద్దావిడ ఒకసారి వ్యాసకర్తతో అన్న మాట: "పొయ్యి ఆరిపోయిన ఇల్లు ఎన్నాళ్ళుంటుందండీ?" తాళం వేసిన ఇంట్లో ఈ రోజువారీ పరీక్ష ఆగిపోతుంది. ఆ పరీక్ష చేసిన స్త్రీలలో ఎవరికీ అప్పట్లో ఇంటిలో పుట్టుకతో వచ్చే వాటా లేదు.

5. యజమాని దూరం కావడం:

విదేశానికి ముందు పట్నం వచ్చింది. చదువుల కోసం, ఉద్యోగాల కోసం కుటుంబాలు రాజమండ్రికి, కాకినాడకు, మద్రాసుకు, హైదరాబాదుకు తరలాయి. అప్పటికి ఇంకా వేసవి సెలవులున్నాయి. పిల్లలు అమ్మమ్మగారింటికి వచ్చే నెలలూ, పెంకు నేయించే నెలలూ ఒకటే కావడం వల్ల యజమాని కళ్ళెదుటే ఏటి పని జరిగిపోయేది. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చి, దేశాలవారీ పాత కోటాలను తొలగించింది. ఆ దారిన ముందు వైద్యులు, ఇంజనీర్లు వెళ్ళారు. 1990 చట్టం తర్వాత హెచ్‌-1బి వీసాల మీద కంప్యూటరు నిపుణులు వెళ్ళారు. అక్కడి సెలవులకూ ఇక్కడి కార్తెలకూ పొత్తు లేదు. డిసెంబరు చివర రెండు వారాలు వచ్చిన వ్యక్తికి ఇల్లు పొడిగా, అందంగా కనిపిస్తుంది. దాని జబ్బు బయటపడే జూలై నెలలో అతడు ఇక్కడ ఉండడు.

ఇదే కాలంలో కోనసీమ నుంచి, కడప ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళిన శ్రామికులది వేరే కథ. అక్కడ వారికి పౌరసత్వం దొరకదు, తిరిగిరాక తప్పదు. కాబట్టి వారి సంపాదన ఊళ్ళో కొత్త డాబా ఇల్లుగా మారింది. ఒకే వీధిలో అమెరికా యజమాని మూసిన లోగిలి, కువైటు కూలీ కట్టిన కొత్త మేడ పక్కపక్కన కనిపించడం వెనుక రెండు వలసల భిన్నమైన చట్టస్థితి ఉంది.

మరొక మార్పు మరింత లోతైనది. విదేశీ చదువుల కోసం, పెళ్ళిళ్ళ కోసం చాలా కుటుంబాలు పొలాన్ని క్రమంగా అమ్మాయి. ఇల్లు మిగిలింది గాని దాన్ని పోషించిన పొలం పోయింది. మేర కొలవడానికి కళ్ళం లేదు. బాగుసేత ఖర్చు పంట నుంచి కాక జీతం నుంచి రావాల్సి వచ్చింది.

6. డబ్బు చేరింది, పని చేరలేదు:

1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమలో లక్షలాది కొబ్బరిచెట్లను కూల్చింది. మా ఇంటి పడమటి పక్క కప్పు ఆ రాత్రే లేచిపోయింది. పెంకు నేసేవారు దొరకక, ఆ భాగాన్ని తాత్కాలికంగా సిమెంటు రేకులతో కప్పారు. ఆ తాత్కాలికం ఇప్పటికీ కొనసాగుతోంది. ఇంటి చరిత్రలో ఇటువంటి తాత్కాలికాలే ఎక్కువ.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. గోడల అడుగున సున్నం రాలి ఇటుక బయటపడింది. మేనమామగారు డబ్బు పంపారు. వ్యాసకర్త ఫోటోలు తీసి పంపి, మేస్త్రీతో మాట్లాడి, మూడడుగుల ఎత్తు వరకు సిమెంటు పూత వేయించడానికి ఒప్పుకున్నారు. ఆ ఏడాది గోడలు చక్కగా కనిపించాయి. రెండు వానాకాలాలు గడిచేసరికి పూత బోలుబారి పలకలుగా ఊడింది. తడి, సిమెంటు పూతకు పైభాగాన తెల్లని ఉప్పుగా బయటపడింది. గోడలోకి దిగిన ఒక దూలం చివర మెత్తబడింది.

ఇందులోని కారణం తెలిసినదే. సున్నపు గోడకు పునాదిలో తేమను అడ్డుకునే పొర ఉండదు. నేలలోని తేమ గోడలోకి ఎక్కుతుంది, సున్నపు పూత రంధ్రాల గుండా ఆవిరై బయటికి పోతుంది. గట్టిదైన సిమెంటు పూత ఆ దారిని మూస్తుంది. అప్పుడు తేమ మరింత పైకి ఎక్కుతుంది, తనతో తెచ్చిన లవణాలను కొత్తచోట వదులుతుంది. పైగా సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా రాయిగా మారే పదార్థం. గోడ కాస్త కదిలినా అది తట్టుకుంటుంది. సిమెంటు తట్టుకోక చిట్లుతుంది. గుల్లలను కాల్చి, నీట నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పి, కరక్కాయ నీరూ బెల్లపు నీరూ చేర్చిన పాతకాలపు సున్నానికి రోజులు పడుతుంది. తెలంగాణలో డంగుసున్నమని పిలిచేదీ ఇదే పద్ధతికి చెందినది. సిమెంటు పూత ఒక్కరోజులో ముగుస్తుంది. దూరాన ఉన్న యజమాని రెండు వారాల సెలవులో పూర్తయ్యే పనినే కోరుకుంటాడు. ఇక్కడ పదార్థాన్ని ఎంపిక చేసింది మేస్త్రీ అజ్ఞానం కాదు, యజమాని సెలవుల లెక్క. ఆ లెక్కలో వ్యాసకర్త కూడా భాగస్వామి.

ఊడిన పూతను పూర్తిగా గీకించి, గోడను ఒక వేసవి అంతా ఆరనిచ్చి, పొరుగూరి నుంచి వృద్ధుడైన తాపీ మేస్త్రీని తీసుకొచ్చి సున్నంతో మళ్ళీ పూత పెట్టించాం. మొదటి పనికంటే రెండవ పనికి ఖర్చు ఎక్కువ, కాలం మరీ ఎక్కువ. పని నేర్చుకోవడానికి ఆయన వెంట ఎవరూ రాలేదు. వారి అబ్బాయి మస్కట్‌లో ఉన్నాడు. ఇంటి యజమానీ, ఇంటిని బాగుచేయగల చేతుల వారసుడూ ఇద్దరూ సముద్రం అవతలే ఉన్నారు.

7. హక్కు, వాటా, పత్రం:

మండువా ఇంటిని చట్టం నాలుగు వాటాలు చేయగలదు గాని కప్పు చేయలేదు. అన్నదమ్ములు పక్కకొకరుగా పంచుకుని, వారిలో ఒకరు తన పక్కను కూల్చి డాబా కట్టుకుంటే, మిగిలిన మూడు కప్పుల మూలలూ దెబ్బతింటాయి. ఊళ్ళలో కనిపించే సగం లోగిళ్ళు అనేకం తుపానుకు కూలినవి కావు, వాటాల్లో కూలినవి.

వారసుల సంఖ్య, వారి నివాసం మారడం ఈ చిక్కును పెంచింది. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా అవివాహితలైన కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ హక్కును కుమార్తెలందరికీ విస్తరింపజేసింది. తండ్రి ఆనాటికి జీవించి ఉన్నాడా లేదా అన్నది అడ్డుకాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. ఇంటిని చేతులతో నిలబెట్టిన స్త్రీల కుమార్తెలకు ఆలస్యంగానైనా వాటా వచ్చింది. ఇది న్యాయమైన మార్పు. వారసులు ఎక్కువయ్యారు గనుక ఇళ్ళు పాడవుతున్నాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట సరికాదు. మా కుటుంబంలో బాగుసేతకు అవసరమైన సమ్మతిపత్రాలు ముందుగా పంపింది మా పెద్దమ్మ, మా అమ్మ. ఆలస్యమైంది తమ నిర్ణయమే చాలునని చాలాకాలం అనుకున్న మగవారి వల్ల.

విదేశీ యజమాని విషయంలో 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం ముఖ్యమైనది. భారతదేశంలో నివసించిన వ్యక్తి నుంచి వారసత్వంగా వచ్చిన స్థిరాస్తిని విదేశాల్లో ఉన్నవారు ఉంచుకోవచ్చు. అయితే ప్రవాస భారతీయులు గాని, విదేశీ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పొందినవారు గాని వ్యవసాయ భూమిని, తోటలను, ఫార్మ్‌హౌస్‌ను కొత్తగా కొనడానికి సాధారణంగా వీల్లేదు. దీని చారిత్రక ఫలితం గమనించదగినది. ఇంటిని పోషించిన పొలాన్ని ఒకసారి అమ్మిన కుటుంబం, తర్వాత ఎంత సంపాదించినా, విదేశంలో ఉంటూ దాన్ని తిరిగి కొనలేదు. ఇంటికీ పొలానికీ తెగిన బంధం అలాగే మిగులుతుంది.

మిగిలిన చిక్కులు కాగితాలవి. విదేశంలో రాసిన అధికారపత్రం భారతదేశానికి చేరిన 3 నెలలలోపు స్టాంపు వేయించాలి. గ్రామకంఠంలోని ఇళ్ళకు చాలాచోట్ల ఇంటిపన్ను రసీదు తప్ప వేరే హక్కుపత్రం లేదు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకం ఇటువంటి నివాసస్థలాలను డ్రోన్లతో కొలిచి పత్రాలిచ్చే ప్రయత్నం. కొలత రోజున హద్దు చూపడానికి ఎవరో ఒకరు ఊళ్ళో ఉండాలి. ఆ ఒకరు సాధారణంగా యజమాని కాదు.

8. కాపలా కుటుంబం:

దొడ్డిలో రెండు గదుల్లో ఉండి, ఇంటికి దీపం పెట్టి, కొబ్బరికాయలు దింపించి, పాములను తోలి, చెదలు చూసి ఫోను చేసే కుటుంబం లేకుండా ఒక్క ప్రవాస లోగిలి కూడా నిలవదు. యజమానులకు వీరి మీద నమ్మకమూ, భయమూ సమానంగా ఉంటాయి. 12 ఏళ్ళుంటే ఇల్లు వారిదైపోతుందన్న భయంతో కాపలావారిని మాటిమాటికీ మార్చేవారున్నారు. అనుమతితో కాపలా ఉన్నంత మాత్రాన, అది ఎంతకాలమైనా, యాజమాన్య హక్కు రాదని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. భయానికి ఆధారం బలహీనం. దాని నష్టం మాత్రం నిజమైనది. ఇల్లు ఎక్కడ కురుస్తుందో తెలిసిన మనిషిని పంపేసి, తెలియని మనిషిని తెచ్చుకోవడమే దాని ఫలితం.

మా ఇంట్లో ఇప్పటి పెద్దావిడ కుటుంబం ఒకప్పుడు ఆ ఇంటి పొలంలో పనిచేసినది. ఆమె అత్తగారు మండువాలో అడుగుపెట్టలేదని ఆమే చెప్పింది. ఇవాళ తాళంచెవులు ఆమె దగ్గరున్నాయి. ఆమె మనవరాలు నడవాలో కూర్చుని చదువుకుంటోంది. ఇది సామాజిక విప్లవమని చెప్పలేం, ఎందుకంటే ఆమెకు నెల జీతం తప్ప ఏ హక్కూ, ఏ ఒప్పందమూ లేదు. కాని కట్టినప్పటి ఉద్దేశానికి భిన్నంగా ఆ ఇల్లు ఇప్పుడు వాడుకలో ఉంది. అది నిలబడి ఉండటానికి ఆ వాడుకే కారణం.

9. పోల్చదగిన అనుభవాలు:

తమిళనాడులోని చెట్టినాడులో బర్మా వ్యాపారంతో కట్టిన మేడలు అనేకం ఏడాదిలో అధికభాగం మూసి ఉంటాయి. అయినా పెళ్ళిళ్ళకూ పెద్దల క్రతువులకూ దాయాదులు అక్కడే కలవాలన్న ఆచారం కొన్నింటిని కాపాడింది. దక్షిణ చైనాలోని కైపింగ్ ప్రాంతంలో విదేశాలకు వెళ్ళినవారి డబ్బుతో కట్టిన కోటబురుజుల వంటి ఇళ్ళను 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొదటి ఉదాహరణలో ఆచారం, రెండవ దానిలో ప్రభుత్వ గుర్తింపు అండగా నిలిచాయి. మన లోగిళ్ళకు ఈ రెండూ బలహీనమే. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం, విజయనగరంలో గురజాడ అప్పారావు నివసించిన ఇళ్ళు ప్రముఖుల పేరుతో నిలిచాయి. పేరులేని లోగిలికి చట్టపరమైన రక్షణ దాదాపు లేదు. పాత కలప వ్యాపారికి మాత్రం దాని చిరునామా తెలుసు. విడదీసిన స్తంభాలు నగర శివార్లలోని హోటళ్ళలో అలంకారాలుగా తేలుతున్నాయి.

10. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• మండువా లోగిలి నిర్మాణంలోనూ శిథిలతలోనూ సముద్రాంతర వలసలకు పాత్ర ఉంది. దాన్ని బయటి ప్రపంచంతో సంబంధం లేని గ్రామీణ చిహ్నంగా చూడటం చరిత్రకు విరుద్ధం.

• ఇంటి కాలనిర్ణయంలో పెంకు మీది సంవత్సరం, కుటుంబ కథనం రెండింటినీ పరీక్షించాకే స్వీకరించాలి.

• ఇంటిని నిలబెట్టింది ఏటేటా జరిగే చిన్న పనులు. ఆ పనులకు ఆధారమైన పొలం, వృత్తులు, స్త్రీల శ్రమ తొలగినప్పుడు డబ్బు ఒక్కటే వాటి స్థానాన్ని భర్తీ చేయలేదు.

• తక్కువ కాలంలో పూర్తికావాలన్న ప్రవాస యజమాని అవసరం సున్నం బదులు సిమెంటును తెచ్చి, చాలా ఇళ్ళకు హాని చేసింది.

• ఇంటి మీద వారసులకుండే హక్కుతో పాటు, దాన్ని కనిపెట్టుకుని ఉన్న కాపలా కుటుంబానికి లిఖితపూర్వకమైన ఒప్పందం, న్యాయమైన ప్రతిఫలం కూడా సంరక్షణలో భాగమే.

• పెంకు నేసేవారు, సున్నపు పని తెలిసిన తాపీ మేస్త్రీలు జీవించి ఉండగానే వారి పదాలనూ, పద్ధతులనూ నమోదు చేయవలసిన బాధ్యత తెలుగు శాఖల మీద ఉంది. క్షేత్రపర్యటనకు వెళ్ళే పరిశోధకులు ఇంటి యజమానితో పాటు కప్పు ఎక్కిన మనిషిని కూడా అడగాలి.

మా ఇంటి పడమటి పక్క సిమెంటు రేకులను తీసి, తిరిగి పెంకు నేయించడానికి వారసులందరూ ఈ ఏడాది సమ్మతించారు. పని డిసెంబరులో జరగదు. వచ్చే వేసవిలో, మృగశిరకు ముందు జరుగుతుంది. ఆ నెలలో ఎవరు రాగలరన్నదే ఇప్పుడు కుటుంబంలో జరుగుతున్న చర్చ. డబ్బు ఎవరు పంపాలన్న పాత చర్చకంటే ఇది ఇంటికి మేలైనది.